అన్న పేరు మీద పోయినవాడు

కాసెల్, జర్మనీ
12 జనవరి 2025

పెద్దబాపుకు నిషిత దండాలు.

ఉత్తరం చూసి కంగారు పడకు, నేను బాగానే ఉన్నాను. ఈ సంగతి ఫోన్‌లో మూడుసార్లు ఎత్తాను. మూడుసార్లూ నీకు సిగ్నల్ పోయింది. చిట్కుల్‌లో మన పక్కింటి డాబా మీదే సెల్ టవర్ ఉందని నేను మర్చిపోయాననుకున్నావా? అందుకే కాగితం మీద పెడుతున్నాను. చదివి జవాబు రాయాల్సిందే.

బాపు పరాయి దేశం పోయి పని చేసిన సైట్‌ను పదకొండేళ్ళ కింద తుపాకులవాళ్ళు పట్టుకుని కూలీలను చంపారు కదా. ఆ రోజు అక్కడ హుకుం ఇచ్చినవాడు దొరికాడు. ఈ దేశంలోనే దొరికాడు. శరణార్థినని చెప్పి, పేరు మార్చుకుని, ఒక రొట్టెల ఫ్యాక్టరీ గోదాములో పని చేసుకుంటున్నాడట. వాడి ఊరామె ఒకతె బస్సులో చూసి గుర్తుపట్టింది. నేను పని చేసే ఆస్పత్రి వార్డులో ఆ దేశపు నర్సు ఉంది, ఆమె చెబితేనే నాకూ తెలిసింది. ఇక్కడికి రెండు గంటల రైలు దూరంలో ఉన్న కోర్టులో మార్చి నుంచి విచారణ. కోర్టు అడ్రసు కాగితం వెనక రాశాను.

పోయిన వారం సెలవు పెట్టి, చనిపోయినవాళ్ళ తరఫు లాయరమ్మను కలిశాను. కుటుంబంవాళ్ళు కూడా కేసులో చేరవచ్చట. ముప్పై ఒక్క మంది జాబితా నా ముందు పెట్టింది. మూడుసార్లు చదివాను. బాపు పేరు లేదు. పదిహేడో నంబరు దగ్గర నీ పేరుంది. శివకుమార్, వెల్డర్, చిట్కుల్, మెదక్ జిల్లా.

నువ్వేమో ఫ్యాక్టరీలో బాయిలర్ చూసుకుంటూ దుక్కలా ఉన్నావు. ఎవడో గుమస్తా కలగాపులగం చేశాడు. సరిచేయాలంటే బాపు పాస్‌పోర్టు నంబరు, వీసా జిరాక్సు కావాలి. అమ్మను అడిగితే కాగితాలన్నీ పెద్దబాపు దగ్గరే ఉన్నాయంది. వెంటనే పంపు. నాకు కావాల్సింది ఒక్కటే. మల్లేష్ అనే మనిషి చనిపోయాడని, ఫలానావాడు చంపాడని, బాపు సొంత పేరుతో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

పెద్దమ్మకు, నానమ్మకు దండాలు.

నిషిత


చిట్కుల్
2 ఫిబ్రవరి 2025

చిరంజీవి నిషితకు పెద్దబాపు దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం, అంటే మునుపు ఎలా ఉన్నామో అలాగే ఉన్నాం. ఇస్నాపూర్ చౌరస్తా దాటడానికి మునుపు పది నిమిషాలు పట్టేది, ఇప్పుడు నలభై పడుతోంది. మీ పెద్దమ్మకు మోకాళ్ళ నొప్పులు. మీ నానమ్మ కౌసల్యమ్మ నీ ఫొటో చూసి, బిడ్డ బక్కగయిందని రోజూ నన్ను తిడుతోంది, నీ అన్నం నేనేదో తిన్నట్టు.

నీ ఉత్తరం చదివాను. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, పదకొండేళ్ళకు ఆ కోర్టు లేచిందా? కోర్టుల సంగతి నన్ను అడుగు బిడ్డా. మల్లేష్‌ను పంపిన ఏజెంటు హరినాథ్ మీద మనం వేసిన మోసం కేసు ఎనిమిదేళ్ళుగా నడుస్తోంది. ఒక వాయిదాకు వాడు రాడు, ఒక వాయిదాకు వాడి వకీలు రాడు. ఇద్దరూ వచ్చిన రోజు నాకు డబుల్ డ్యూటీ పడుతుంది. అప్పట్లో స్టేషన్‌కు పోయి, నా తమ్ముణ్ణి చంపారు, రాసుకోండి అని అడిగాను. ఎస్సై కూర్చోబెట్టి చాయ్ ఇప్పించి, "గా దేశం మా లిమిట్స్‌ల లేదన్నా" అన్నాడు. చాయ్ బాగుంది, కేసు మాత్రం లేదు.

ఇంకోటి విను. మీ అమ్మ రేషన్ కార్డులో మల్లేష్ పేరు ఇంకా ఉంది. ఇప్పుడు ఇంటిల్లిపాదీ వచ్చి వేలిముద్ర వేయాలట. మల్లేష్ రాకపోతే కుదరదంటాడు డీలరు. పేరు కొట్టేయమంటే చావు సర్టిఫికెట్ తెమ్మంటాడు. సర్టిఫికెట్‌కు పోతే, శవం ఏది, దవాఖాన కాయితం ఏది అని అడుగుతారు. సొంత ఊళ్ళో ఒక్క కాయితం తేలేనివాణ్ణి, జర్మనీలో ఏం తెస్తాను? అయినా ఎక్కడో జరిగినదానికి ఆ కోర్టుకేం పని?

నా పేరు పొరపాటున పడి ఉంటుంది. ఫారాల మీద సంతకాలు పెట్టింది నేనే కదా, అందుకే అయి ఉంటుంది. జిరాక్సులు వెతకాలి. ఇంటికి సున్నం వేసినప్పుడు కాయితాలన్నీ కలిసిపోయాయి. నువ్వు వేళకు తిను, చలిలో తిరగకు.

నీ పెద్దబాపు
శివకుమార్

రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. ముట్టినట్టు కార్డు మీద సంతకం చెయ్యి. సంతకం లేని పనిని నేను నమ్మను.


కాసెల్
23 ఫిబ్రవరి 2025

పెద్దబాపుకు,

సంతకం చేశాను. నీ ఉత్తరం రెండు పేజీలు. చౌరస్తా ట్రాఫిక్ ఉంది, చాయ్ ఉంది, మోకాళ్ళున్నాయి. నేను అడిగిన పాస్‌పోర్టు నంబరు ఒక్కటే లేదు.

ఈ కోర్టుకేం పని అన్నావు. లాయరమ్మను నేనూ అదే అడిగాను. ఆమె చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. ఆ దేశపు కోర్టులకు పోదామంటే, అక్కడ ఆ తుపాకులవాళ్ళే రాజీ చేసుకుని సర్కారులో కూర్చున్నారు, పాతవన్నీ మాఫీ అని చట్టం చేసుకున్నారు. హేగ్‌లో పెద్ద అంతర్జాతీయ కోర్టు ఉంది కానీ, ఆ దేశం దాని ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. నీకు బాగా అర్థమయ్యే సంగతే, సంతకం లేనిదే అక్కడా పని జరగదు. భద్రతా మండలి పంపితే తీసుకుంటారట, అక్కడేమో ఎవరో ఒక పెద్ద దేశం అడ్డం చెబుతుంది. మన దేశంలో వేద్దామంటే మన దగ్గర హరినాథ్ ఉన్నాడు కానీ చంపినవాడు లేడు. ఇక మిగిలింది ఇదే. ఇట్లాంటి ఘోరం లోకంలో ఎక్కడ చేసినా, చేసినవాడు మా గడ్డ మీద దొరికితే మేమే విచారిస్తామని వీళ్ళ చట్టం. అన్ని తలుపులూ మూసుకున్నాక తెరిచి ఉన్న కిటికీ అన్నమాట. దానికి కూడా నువ్వు గొళ్ళెం పెడతానంటే ఎట్లా?

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. హరినాథ్‌తో లోపల రాజీ ఏమైనా అయిందా? ఎనిమిదేళ్ళుగా ఆ కేసు కదలకపోవడం, కాగితాలు నీ దగ్గరే ఉండిపోవడం, ఇప్పుడు నీ పేరు జాబితాలో ఉండడం, ఇవన్నీ కలిపి చూస్తే నాకు నిద్ర పట్టడం లేదు. అమ్మను అడిగితే ఏడుస్తోంది తప్ప చెప్పడం లేదు. నేను పదమూడేళ్ళ పిల్లను కాదు పెద్దబాపు.

నిషిత


చిట్కుల్
17 మార్చి 2025

నిషితకు,

నీ చదువుకు ఫారం మీద తండ్రి స్థానంలో సంతకం పెట్టింది నేను. నువ్వు ఆ భాష నేర్చుకుంటానంటే రెండేళ్ళు పొద్దున్నే ఐదింటికి బస్సు ఎక్కించింది నేను. నేను హరినాథ్‌తో రాజీ పడ్డానా? ఆ మాట చదివి డ్యూటీకి పోయాను, బాయిలర్ నీటి మట్టం చూడాల్సినవాణ్ణి గోడ చూస్తూ నిలబడ్డాను. షిఫ్ట్ ఇంచార్జి "ఏంది శివన్నా, పానం బాలేదా" అని ఇంటికి పంపాడు. అదీ నీ ఉత్తరం చేసిన పని.

సరే, నీకు కావాల్సింది పేరు సరిచేయడమే కదా. నాకు చేతనైన పద్ధతిలో చేసేశాను. పట్టాదారు పుస్తకంలో తప్పు పడితే ఎలా సరిచేస్తాం? ఆధార్‌లో తప్పు పడితే ఎలా చేస్తాం? అలాగే చేశాను. మొన్న మంగళవారం సంగారెడ్డి పోయి, స్టాంపు పేపరు మీద అఫిడవిట్ రాయించాను. చిట్కుల్ నివాసి శివకుమార్ అను నేను సజీవంగా ఉన్నాను, నా పేరు మీ జాబితాలో పొరపాటున పడినది, దానిని తొలగించి నా తమ్ముడు మల్లేష్ పేరు చేర్చగలరు, అని. నోటరీ ముద్ర వేయించాను. తహశీల్దారు దగ్గర నేను బతికి ఉన్నట్టు పత్రం తీసుకున్నాను. ఓటరు కార్డు, ఫ్యాక్టరీ ఐడీ జతచేశాను. నీ మొదటి ఉత్తరంలో ఉన్న కోర్టు అడ్రసుకే నేరుగా రిజిస్టర్ పోస్టు చేశాను.

వారం రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఇక నన్ను అడగకు.

శివకుమార్


కాసెల్
14 ఏప్రిల్ 2025

పెద్దబాపూ,

ఏం చేశావు నువ్వు? లాయరమ్మకు చెప్పకుండా, నాకు చెప్పకుండా, నేరుగా కోర్టుకా? అది రేషన్ కార్డు కాదు!

నీ కాగితం చేరింది. కోర్టుకు చేరిన ప్రతి కాగితం నిందితుడి వకీలుకూ ఇస్తారు. ఏప్రిల్ ఎనిమిదిన కామరాజు సాక్ష్యం జరిగింది. ఆ సైట్ నుంచి ప్రాణాలతో బయటపడిన శ్రీకాకుళం వెల్డర్ ఆయన, అప్పట్లో మన ఇంటికి ఫోన్ చేసి బాపు సంగతి చెప్పింది ఆయనే అని అమ్మ అంది. నేను వెనక బెంచీలో కూర్చున్నాను.

ఆయన పొద్దున నుంచీ చెబుతూనే ఉన్నాడు. కూలీలందరినీ క్యాంటీన్ షెడ్డులో కూర్చోబెట్టారట. ఆ నిందితుడు కంపెనీ హాజరు పట్టీ తెప్పించి, అందులోంచి కొన్ని పేర్లు చదివించాడట. వాళ్ళకు ముఖాలు తెలియవు, పేర్లే తెలుసు. లేచినవాళ్ళను బయటికి తీసుకుపోయి కాల్చారట. కొందరు పిలిచినా లేవకుండా తలలు దించుకున్నారు. అట్లా లేవని ఇద్దరు బతికారు, అందులో కామరాజు ఒకడు. "శివన్న నా పక్కనే కూర్చున్నాడు. పేరు పిలవగానే లేచాడండి. నేను చెయ్యి పట్టుకునేలోపే లేచిపోయాడు," అన్నాడు. పదకొండేళ్ళుగా ఆ మనిషి ఆ చెయ్యి గురించే ఆలోచిస్తున్నాడు.

అప్పుడు నిందితుడి వకీలు లేచి నీ అఫిడవిట్ చదివాడు. మీరు చచ్చిపోయాడన్న శివకుమార్ బతికే ఉన్నాడు, సర్కారు అధికారి ముద్ర వేసి చెబుతున్నాడు, మీరు చూశానన్న మిగతావి కూడా ఇంత నిజమేనా అని అడిగాడు. కామరాజు కళ్ళు తుడుచుకుంటూ, లేదండి నేను చూశాను, నా కళ్ళతో చూశాను అంటూనే ఉన్నాడు. అటు పక్క అద్దాల గదిలో నిందితుడు మొదటిసారి నవ్వాడు. ఒక్క సాక్షి అబద్ధమని తేలితే ముప్పై ఒక్క మంది చావులూ గాలికి పోతాయి అంది లాయరమ్మ.

ఇక నీ పొరపాటు, గుమస్తా పొరపాటు అని చెప్పకు. ఆ షెడ్డులో శివకుమార్ అంటే లేచింది ఎవరు?

నిషిత


చిట్కుల్
6 మే 2025

బిడ్డా,

నీ ఉత్తరం నాలుగు రోజులు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. ఈ రోజు వీక్లీ ఆఫ్. మీ పెద్దమ్మను, నానమ్మను పెళ్ళికి పంపి కూర్చున్నాను.

లేచింది మీ బాపే. నా పేరు మీద పోయాడు.

2013లో వెల్డర్ వీసా వచ్చింది నాకు. ఐటీఐ సర్టిఫికెట్ నాది, పాస్‌పోర్టు నాది. పోవడానికి పది రోజులుందనగా, పదకొండేళ్ళు కాంట్రాక్టులో చేసిన ఫ్యాక్టరీలో నాకు పర్మినెంట్ లెటరు వచ్చింది. వదులుకోలేకపోయాను. మీ బాపుకు సర్టిఫికెట్ లేదు కానీ, వెల్డింగు నాకంటే బాగా వచ్చు. అప్పటికే మాకు అలవాటు. నాకు జ్వరం వస్తే నా టోకెన్ మీద వాడు డ్యూటీకి పోయేవాడు, వాడికి నాట్లు పడితే వాడి టోకెన్ మీద నేను. గేటు దగ్గర సెక్యూరిటీ టోకెన్ చూస్తాడు, ముఖం చూడడు. మన దిక్కున అన్నదమ్ములు ఎందరో అట్లా చేశారు, ఎవరికీ తప్పనిపించలేదు. హరినాథ్ నవ్వాడు. "అన్నదమ్ములే గద, మూతులు ఒక్క తీరుగనే ఉన్నయ్. పెద్ద టోకెన్ అనుకోండ్రి," అన్నాడు. మేమూ అలాగే అనుకున్నాం. మీ అమ్మకు తెలుసు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నది నేనే.

మోసం కేసు ఎందుకు కదలడం లేదో ఇప్పుడు అర్థమైందా? గట్టిగా అడిగితే హరినాథ్ పాస్‌పోర్టు సంగతి బయటపెడతానంటాడు. మింగలేను, కక్కలేను. వాయిదా పడిన ప్రతిసారీ తిట్టుకుంటూ వచ్చేవాణ్ణి, లోపల మాత్రం ఊపిరి పీల్చుకునేవాణ్ణి. నీ దగ్గర దాచేదేముంది.

ఇంకోటి ఉంది. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఎయిర్‌పోర్టులో పేరు పిలిస్తే మర్చిపోయి కూర్చుంటానేమోనని వాడు భయపడ్డాడు. "అన్నా, మల్లేష్ అంటెనే నాకు సోయొస్తది" అన్నాడు. మూడు రోజులు ప్రాక్టీసు చేయించాను. అన్నం తింటుంటే వెనక నుంచి శివకుమార్ అని పిలిచేవాణ్ణి. నిద్రలో పిలిచేవాణ్ణి. ఆలస్యమైతే నెత్తి మీద ఒక్కటి వేసేవాణ్ణి. "ఆలోచన చెయ్యొద్దురా, పిలువంగనే లేవాలె" అని చెప్పాను. మూడో రోజుకు వాడికి వచ్చేసింది. ఎక్కడ పిలిచినా చటుక్కున లేచేవాడు, నువ్వు చూసి నవ్వేదానివి, నీకు గుర్తు లేదేమో.

కామరాజుకు చెప్పు, చెయ్యి పట్టుకోలేకపోయానని బాధపడొద్దని. అంత జల్దీ లేవడం నేను నేర్పిందే.

శివకుమార్


కాసెల్
30 మే 2025

పెద్దబాపుకు,

ఈ ఉత్తరానికి మూడు కాగితాలు చింపాను. కోపం పోలేదు, అబద్ధం చెప్పను. పన్నెండేళ్ళు నేను నాకు తెలియని కథలో బతికాను. నువ్వు బస్సు ఎక్కించిన ప్రతి పొద్దునా ఇది నీ మనసులో ఉందా అని ఆలోచిస్తున్నాను. ఉండే ఉంటుంది. నవ్వినట్టు నాకు గుర్తుంది. అదేదో ఆట అనుకున్నాను.

లాయరమ్మకు అంతా చెప్పాను. ఈ సంగతి ఆయన నోటితోనే చెప్పాలి అంది. నిందితుడి పేరే దొంగ పేరు, చంపబడినవాడి పేరూ వేరే పేరు, ఇంతకంటే చిక్కు కేసు తాను చూడలేదంది. నువ్వు ఇక్కడికి రానక్కర్లేదు. ఇక్కడి కోర్టు ఢిల్లీకి రాస్తుంది, వాళ్ళు మన రాష్ట్రానికి, అక్కడి నుంచి సంగారెడ్డి కోర్టుకు వస్తుంది, నువ్వు అక్కడ టీవీ ముందు కూర్చుని చెప్పాలి. చెబితే నీ మీద అక్కడ పాస్‌పోర్టు కేసు పడవచ్చు. ఫ్యాక్టరీలో సస్పెండ్ చేయవచ్చు. చెప్పమని ఎవరూ బలవంతం చేయలేరు. నువ్వు రాకపోతే కామరాజు మాట పోతుంది, బాపు పేరూ పోతుంది.

రమ్మని ఆజ్ఞాపించే వయసు కాదు నాది. అడుగుతున్నాను.

నిషిత


చిట్కుల్
21 సెప్టెంబర్ 2025

చిరంజీవి నిషితకు,

మీ లాయరమ్మ చెప్పే ఉంటుంది కానీ, నా నోటితో నేను రాయాలి.

నీ జర్మనీ కాయితం చిట్కుల్ చేరడానికి మూడు నెలలు పట్టింది. ముందు తప్పు జిల్లాకు పోయిందట, మెదక్ అని ఉంది కాబట్టి మెదక్‌కే పోయింది. జిల్లాలు విడిపోయాయని జర్మనీవాళ్ళకు ఎవరు చెబుతారు? నేనే రెండుసార్లు మెదక్ పోయి, అయ్యా నా సమన్లు మీ దగ్గరున్నాయి, ఇప్పించండి అని బతిమాలాను. తన సమన్ల కోసం తనే తిరిగే మనిషిని మొదటిసారి చూస్తున్నానన్నాడు అక్కడి బంట్రోతు.

పోయే ముందు మా వకీలు వద్దన్నాడు. మీ పెద్దమ్మ రెండు రోజులు కొట్లాడింది, ఇంకా ఎనిమిదేళ్ళ నౌకరీ ఉంది, మన పిల్లల సంగతేందని. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు భయపడితే ఎలా అన్నాను. నానమ్మకు అప్పటిదాకా ఏమీ తెలియదు. ఆ పొద్దున చెప్పాను. ముసలావిడ నా ముఖం చూసి, "ఇద్దరి పేర్లు పెట్టింది నేనే గదరా, నన్నొక్క మాటడగకపోతిరి" అంది.

టీవీలో మధ్యాహ్నం నుంచి మీ కోర్టు కనిపించింది. నిందితుణ్ణి చూశాను. ఏదో రాక్షసుడుంటాడనుకున్నాను. స్వెటర్ వేసుకుని, కళ్ళజోడు తుడుచుకుంటున్న ముసలాయన, మా స్టోర్ కీపర్‌లాగే ఉన్నాడు. నాకు దాంతోనే ఎక్కువ కోపం వచ్చింది. దుబాసీ అమ్మాయి తెలుగు విజయవాడ తెలుగు, నేను ఒకటి అంటే ఆమె సాగదీసి ఒకటి అంటుంది. మూడుసార్లు ఆపి, గట్లగాదమ్మా అని మళ్ళీ చెప్పాను.

టోకెన్ల సంగతి, పాస్‌పోర్టు సంగతి, ప్రాక్టీసు సంగతి, మొత్తం చెప్పాను. ప్రాక్టీసు దగ్గరికి వచ్చేసరికి ఇక్కడి జడ్జి గారు మంచినీళ్ళు ఇప్పించారు. అప్పుడు ఆ వకీలు లేచాడు. నువ్వు రెండు సర్కార్లకు అబద్ధం చెప్పినవాడివి, మొన్న స్టాంపు పేపరు మీద కూడా సగం దాచినవాడివి, నిన్నెందుకు నమ్మాలి అన్నాడు. రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న మాటలన్నీ పోయాయి. నోటికి వచ్చింది చెప్పాను.

"నమ్మకుండ్రి సార్. నేను అబద్ధమాడిన మనిషినే. గానీ అబద్ధం నాది, సంపుడు ఆయనది. ఎవలది వాళ్ల మీద రాయుండ్రి."

దుబాసీ అమ్మాయి దాన్ని ఎలా చెప్పిందో నాకు తెలియదు. అక్కడ జడ్జమ్మ మాత్రం కలం తీసి ఏదో రాసుకుంది.

నీ పెద్దబాపు


కాసెల్
19 అక్టోబర్ 2025

పెద్దబాపుకు,

దుబాసీ సరిగ్గానే చెప్పింది. నేను అక్కడే ఉన్నాను.

పోయిన గురువారం తీర్పు. యావజ్జీవం. అప్పీలుకు పోతాడట, ఇంకో రెండేళ్ళు పడుతుందని లాయరమ్మ ముందే చెప్పి పెట్టింది, నువ్వు వాయిదాలకు అలవాటుపడ్డవాడివే కదా. కామరాజు సాక్ష్యం నిజమని జడ్జి విడిగా రాసింది. జాబితా చదివేటప్పుడు పదిహేడో పేరు దగ్గర ఆగి, మల్లేష్, చిట్కుల్, తన అన్న శివకుమార్ పేరుతో పనిచేస్తూ చంపబడ్డాడు, అని చదివింది. ఉచ్చారణ ఘోరంగా ఉంది. నాకు మాత్రం బాగా వినిపించింది.

తీర్పు నూట డెబ్బై పేజీలు. తెలుగు చేయించి, ముద్రలు వేయించి పంపేసరికి ఏడాది పడుతుందట. అప్పటిదాకా అమ్మ రేషన్ డీలరుకు ఏం చెప్పాలో నాకే తెలియడం లేదు.

నీ మీద కోపం ఇంకా కొంచెం ఉంది. ఏప్రిల్‌లో సెలవు దొరుకుతుంది, వచ్చి ఎదురుగా కూర్చుని తిడతాను. నీ ఆరోగ్యం జాగ్రత్త.

నీ నిషిత


చిట్కుల్
11 నవంబర్ 2025

చిరంజీవి నిషితకు పెద్దబాపు దీవెనలు.

నేను సస్పెండ్ అయ్యాను. కంగారు పడకు, ఇంట్లో పడుకుని మీ పెద్దమ్మ చేతి వంట వేడిగా తింటున్నాను, ఇరవై ఏళ్ళలో ఇదే మొదటిసారి. యూనియన్‌వాళ్ళు మాట్లాడతామన్నారు.

మొన్న శుక్రవారం స్టేషన్ నుంచి పిలుపు వచ్చింది. పాస్‌పోర్టు ఆఫీసు ఫిర్యాదు పంపిందట. పదకొండేళ్ళ కింద నేను పోయి కూర్చున్న స్టేషనే, చాయ్ మాత్రం ఈసారి లేదు. ఇప్పుడున్న ఎస్సై చిన్న పిల్లాడు. అప్పుడు నా తమ్ముణ్ణి చంపారంటే మా లిమిట్స్‌లో లేదన్నారు, ఇప్పుడు లిమిట్స్‌లోకి ఎట్లా వచ్చింది బిడ్డా అని అడిగాను. "అప్పుడు నేరం గాడ జరిగిందన్నా, ఇది ఈడ జరిగింది," అన్నాడు. న్యాయంగానే ఉంది, ఏమంటాం. గంటలో ఎఫ్ఐఆర్ రాసేశారు. నా మీదనైతే ఎంత జల్దీ రాశారో చూడు.

చదివి వినిపించమన్నాను. రైటరు గడగడా చదివాడు. ఒక చోట ఆపి మళ్ళీ చదవమన్నాను. నువ్వు కూడా చదువుతావని ఆ ముక్క ఉన్నదున్నట్టు కాపీ చేస్తున్నాను.

"నిందితుడు శివకుమార్ తన పాస్‌పోర్టుపై తన తమ్ముడైన మల్లేష్‌ను విదేశమునకు పంపగా, సదరు మల్లేష్ 2014వ సంవత్సరములో అచ్చట సాయుధుల చేతిలో హత్యకు గురై మరణించినాడు."

సార్, ఇది నిజంగానే రాశారా, సర్కారు ముద్ర పడుతుందా అని అడిగాను. రైటరు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. బిడ్డా, మల్లేష్ చనిపోయాడని మన తెలుగులో, మన సర్కారు కాగితం మీద రాయడం ఇదే మొదటిసారి. పన్నెండు ఆఫీసుల చుట్టూ తిరిగి తేలేని కాగితం, నా మీద కేసు పెట్టి వాళ్ళే ఇచ్చారు. నాలుగు జిరాక్సులు తీయించాను. ఒకటి ఇందులో పెట్టాను, ఒకటి మీ అమ్మకు ఇచ్చాను. ఆమె ఆ వాక్యం మీద వేలు పెట్టి మూడుసార్లు చదువుకుంది.

కాపీ ముట్టినట్టు, నిందితుడి సంతకం అని ఉన్నచోట నన్ను సంతకం చేయమన్నారు. శివకుమార్ అని నిదానంగా, పూర్తిగా రాశాను.

నీ పెద్దబాపు
శివకుమార్